ఆదర్శ లీకు

మంగతాయారు ఇంట్లో గోడ చెమ్మగిల్లింది. మరొకరింట్లో అయితే అది గోడ సంగతి. మంగతాయారు ఇంట్లో మాత్రం కొంప మునిగే సంగతి. ఎందుకంటే ఆ గోడకు ఇవతల ఉన్న ముందుగదిలోనే ఆవిడ పూతరేకులు దొంతరలుగా పేర్చి, మడిచి, డబ్బాల్లో సర్దుతుంది. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పలచటి బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డను పైన ఒక్కసారి అలా పరిచి లాగితే వచ్చే పొర అది. గాలిలో తేమ ఎక్కువైతేనే ముడుచుకుపోయే సరుకు. అలాంటిది పక్కన గోడే నీళ్ళు ఊరుతుంటే ఇంకేముంది?

అదీ ఎప్పుడు! కాకినాడ క్యాటరింగ్ భద్రంగారు మొట్టమొదటిసారిగా ఓ పెద్ద పెళ్ళి ఆర్డరు ఆవిడ చేతిలో పెట్టినప్పుడు. "ఇది బాగా చేశావంటే ఈ ముహూర్తాలన్నీ నీవేనమ్మా. తేడా వచ్చిందో, మళ్ళీ పెదరేవు వైపు నా వ్యాను తిరగదు" అని మొహమాటం లేకుండా చెప్పి వెళ్ళాడాయన. దశమి నాడు పెళ్ళి. నవమి మధ్యాహ్నానికి వ్యాను గుమ్మంలో ఉంటుంది. ఆయనిచ్చిన అడ్వాన్సు అప్పుడే బియ్యంగా, నెయ్యిగా, బెల్లంగా మారిపోయింది కూడా.

మంగతాయారు కంగారుపడే మనిషి కాదు. వంటింటి పంపుకు నీళ్ళొచ్చే గొట్టం గోడలో ఎక్కడో చిట్లిందని గ్రహించి, ముందు వీధిలో ఉన్న వాల్వు కట్టేసింది. పొరుగింటి నుంచి బిందెలతో నీళ్ళు తెచ్చుకుంది. పెరట్లో పొయ్యి ముందు కూర్చుని రేకులు తీస్తున్న తోటికోడలు చిట్టెమ్మతో, "ఏం ఫరవాలేదే, గంగరాజు వచ్చి ఓ పూటలో బాగుచేసి పోతాడు" అంది. గంగరాజు అదే వీధి చివర ఉండే ప్లంబరు. ఆ వీధిలో ఏ గొట్టానికి ఏ జబ్బుందో అతనికి తెలుసు. చాలా గొట్టాలకు ఆ జబ్బు తెప్పించినవాడు కూడా అతనేనని గిట్టనివాళ్ళు అంటారు.

గంగరాజు వచ్చాడు. గేటు దగ్గరే ఆగిపోయాడు.

"లోపలికి రావేం?" అంది మంగతాయారు.

"ఆయ్, వద్దామనే వచ్చానండి. మరి మీకు అవగాహనుందా అమ్మగారూ?"

ఆవిడకు ఒళ్ళు మండింది. "ఏవిట్రా నువ్వు కూసేది? నాకు అవగాహన లేదంటావా?"

"అయ్యబాబోయ్, నామాట కాదండి. మునిసిపాలిటీవోళ్ళ మాట. అవగాహన లేనోళ్ళింట్లో పన్జేత్తే నా పనిముట్ల సంచీ లాగేసుకుంటారంటండి. మొన్న మెరకవీధి సత్తిబాబు సంచీ పట్టుకుపోయారండి. పాపం, రెంచీ లేక ఇంట్లో కూకున్నాడు."

ఈ గొడవంతా ఎక్కడ మొదలైందో చెప్పుకోవాలి. పెదరేవు పురపాలక సంఘానికి కొత్తగా వచ్చిన కమిషనర్ శేషాచలపతిగారి బంగళాలో స్నానాలగది కుళాయి కారింది. ఒక ప్లంబరు వచ్చి, దాని మెడ పట్టుకుని ఓసారి తిప్పి, ఐదువందలు అడిగాడు. "దీనికి ఐదువందలెందుకయ్యా?" అన్నారు కమిషనర్‌గారు. "అది మీకు అర్థం కాదులెండి సార్" అన్నాడతను, డబ్బు జేబులో పెట్టుకుంటూ.

కమిషనర్‌గారు పుట్టి బుద్ధెరిగాక ఎన్నో పెద్ద పరీక్షలు రాసి నెగ్గినవారు. ఆయనకు అర్థం కానిది ఒకటి ఉందని అంతవరకూ ఎవరూ అనలేదు. డబ్బు పోయినందుకు ఆయన బాధపడలేదు, ఆ మాటకే ముద్ద దిగలేదు. వారం తిరిగేసరికి కౌన్సిల్లో తీర్మానం అయిపోయింది: ప్లంబరును పెట్టుకుంటే ఎంత ఖర్చవుతుందో, ఎందుకంత అవుతుందో అర్థం చేసుకోని పౌరుడు ప్లంబరును పెట్టుకోరాదు. అర్థం చేసుకున్నట్టు పరీక్షలో నెగ్గి పత్రం పొందాలి. ఇక బేరమాడటం పూర్తిగా నిషేధం, ఎందుకంటే బేరమనేది అవగాహనా రాహిత్యానికి బహిరంగ ప్రదర్శన. ఖర్చు తగ్గించే ఆలోచన గాని, ప్లంబర్లను పెంచే ఆలోచన గాని ఆ తీర్మానంలో ఎక్కడా లేదు. అర్థమైతే చాలు, అన్నీ వాటంతటవే సర్దుకుంటాయని ఊరి పెద్దలంతా బల్లలు చరిచారు.

మంగతాయారు చీర కుచ్చిళ్ళు సర్దుకుని అవగాహన కేంద్రానికి బయల్దేరింది.

అక్కడ అవగాహనాధికారి లోకనాథంగారు కూర్చుని ఉన్నారు. మొన్నటిదాకా ఆయన దోమల విభాగం చూసేవారు. దోమలు ఆయన మాట వినలేదు గాని, మనుషులు వింటారన్న ఆశతో ఇటు మార్చారు.

"తమరి సమస్య యొక్క స్వరూపం ఏమిటి?" అని అడిగారాయన.

"గోడ కారుతోంది బాబూ."

"కారుట అనేది లక్షణం మాత్రమే. అసలు సమస్య అవగాహనాలేమి. సరే, మరమ్మతు వ్యయం ఎంత అవుతుందని ప్లంబరు తెలియజేశాడు?"

"చూస్తే కదా చెప్పడానికి. వాడు గేటు దాటి రానంటున్నాడు."

"సరిగ్గానే చేశాడు. తమరికి వ్యయం అర్థమయ్యే వరకు అతను ప్రవేశించరాదు."

"వాడు ప్రవేశిస్తే కదా, వ్యయం ఎంతో చెప్పేది! వాడు చెప్తే కదా, నాకు అర్థమయ్యేది!"

లోకనాథంగారు ఎంతో జాలిగా నవ్వారు. "చూశారా, తమరు ఇప్పటికే ఆలోచించడం మొదలుపెట్టారు. ఈ పథకం ఉద్దేశం కూడా అదే. శిక్షణ తరగతి రేపు ఉదయం ఆరంభం. పెన్ను తెచ్చుకోండి."

తరగతిలో మొదట నీటి పుట్టుక చెప్పారు. ఆపైన గొట్టం పుట్టుక. ప్లంబరు పుట్టుక దాకా వచ్చేసరికి భోజనాల వేళయింది. మధ్యాహ్నం వ్యయ విశ్లేషణ. సైకిలు టైరు అరుగుదల, రెంచీ అరుగుదల, మోకాలి అరుగుదల. మోకాలి మీద ఓ డాక్టరుగారు ప్రత్యేకంగా ప్రసంగించారు. పని దొరకని రోజుల తిండి ఖర్చు పని దొరికిన రోజు మీదే పడుతుందని ఆయన అంటే మంగతాయారు తలూపింది. ఆ మాటొక్కటీ ఆవిడకు నచ్చింది. వానాకాలమంతా రేకు రాదు, కుండ బోర్లించి చూస్తూ కూర్చోవాలి. ఎండాకాలం సంపాదనే అప్పుడు ముద్ద పెడుతుంది. ఇది తెలుసుకోవడానికి డాక్టరుగారెందుకో మాత్రం ఆవిడకు బోధపడలేదు.

పక్క కుర్చీలో సోమయాజులుగారని రిటైరైన పోస్టుమాస్టరు కూర్చున్నారు. ఆయన వరసగా ప్రతి తరగతికీ వస్తున్నారట.

"మీ ఇంట్లో అన్ని లీకులున్నాయా తాతగారూ?" అని అడిగింది మంగతాయారు.

"లీకా? మా ఇంట్లో గొట్టమే లేదమ్మా. నూతినీళ్ళు తోడుకుంటాం. ఇక్కడ పదకొండింటికి పెసరట్టు వేస్తారు. అల్లం పచ్చడి కూడా బాగుంటుంది" అన్నారాయన గుట్టుగా. ఆ తరగతిలో ప్రథమ శ్రేణిలో నెగ్గింది ఆయనే. పత్రం చేతికిచ్చి శాలువా కప్పారు. ఊళ్ళో ప్లంబరును పిలిచే అర్హత ఉన్నవాళ్ళలో ఆయన ఒకరు, పిలవాల్సిన అవసరం లేనివాళ్ళలో కూడా ఆయనే ఒకరు.

మంగతాయారు వంతు వచ్చింది. మౌఖిక పరీక్ష.

"ప్లంబరు వచ్చి, గొట్టం చూసి, 'ప్చ్' అంటాడు. తరువాత 'ఎవరండీ దీన్ని బిగించింది?' అంటాడు. ఈ రెండింటి వ్యయభారాన్ని విడివిడిగా వివరింపుడు" అన్నారు లోకనాథంగారు.

"ప్చ్‌కి డబ్బులేమిటి బాబూ? అది వాళ్ళకి అలవాటు. పోయినసారి బిగించింది కూడా గంగరాజే. అయినా అలాగే అంటాడు."

లోకనాథంగారు ఏదో రాసుకున్నారు. "పోనివ్వండి. మీ ప్లంబరు ఎంత తీసుకుంటాడు? ఏ ప్రాతిపదికన?"

"నాలుగొందలంటాడు. నేను నూటయాభై అంటాను. నాకు గిట్టదమ్మా అని సంచీ భుజాన వేసుకుని వీధిలోకి వెళ్ళిపోతాడు. నేను గేటు దాకా వెళ్ళి పిలుస్తాను. వెనక్కి వస్తాడు. రెండొందల యాభైకి తేలుతుంది. ఓ కాఫీ ఇస్తాను."

లోకనాథంగారి చేతిలో పెన్ను ఆగిపోయింది. "వీధిలోకి వెళ్ళి తిరిగి వచ్చినందుకు ఎంత చెల్లిస్తున్నారు?"

"దానికేముంది? ఊరికే."

"ఊరికే!" ఆయన కుర్చీలోంచి లేచారు. "పౌరుల గృహాల ముందు ఒక శ్రామికుడు రాకపోకలు సాగిస్తున్నాడు, ప్రతిఫలం ఊరికే! ఆ కాఫీ ఏమిటి? అది వేతనమా, ఆతిథ్యమా? దానికి పాల ఖర్చు, గ్యాసు ఖర్చు, తమరి శ్రమ ఎవరి ఖాతాలో? అమ్మా, ఇంత సంపూర్ణమైన అవగాహనాలేమి నా ఉద్యోగంలో నేను చూడలేదు."

పరీక్ష తప్పిందన్నమాట. మంగతాయారు ప్రాణం ఉసూరుమంది. అయినా ఏమంత ప్రమాదం, వాల్వు కట్టే ఉంది, బిందెలతో నెట్టుకొద్దాం, పెళ్ళి సరుకు పంపేశాక చూసుకుందాం అనుకుని ఇంటికెళ్ళింది. గోడ కూడా కాస్త ఆరుతున్నట్టే కనిపించింది.

కాని అంత సంపూర్ణమైన లేమిని లోకనాథంగారు వదులుకుంటారా? మర్నాడు పొద్దున్నే జీపు వచ్చి ఆగింది. జీపు నిండా మనుషులు దిగారు. చెప్పుల కాళ్ళతో ముందుగదిలోకి వచ్చి, రేకుల దొంతరల మధ్య నిలబడి, గోడను మునివేళ్ళతో నొక్కి చూశారు. నమూనా పేరుతో తలో పూతరేకు తిన్నారు. ఒకాయన రెండో నమూనా కూడా పరిశీలించాడు.

"లీకు ఏదీ?" అన్నారు లోకనాథంగారు.

"వాల్వు కట్టేశాను బాబూ."

"కట్టేస్తే ఎలా? అధ్యయనాంశం కనుమరుగైతే మేం దేనిని అధ్యయనం చేయాలి?" అంటూ ఆయనే వీధిలోకి వెళ్ళి వాల్వు తెరిపించి, మళ్ళీ కట్టకుండా లక్కతో సీలు వేయించారు. ముందుగది గోడ బుగ్గలు పొంగినట్టు పొంగి, సున్నం పెచ్చులూడి, సన్నగా కారడం మొదలుపెట్టింది. వచ్చినవాళ్ళంతా తృప్తిగా తలలు ఊపారు. సాయంత్రానికి గేటుకు ఓ బోర్డు తగిలించారు: "ఆదర్శ లీకు. పెదరేవు పురపాలక సంఘం. అవగాహన పూర్తగు వరకు యథాతథ స్థితిలో ఉంచవలెను. ఎవరూ బాగుచేయరాదు."

"అమ్మా, తమరు అదృష్టవంతులు. రాష్ట్రంలో ఇదే మొదటిది" అన్నారు లోకనాథంగారు.

"నా రేకులు పోతాయి బాబూ! నవమికి సరుకు వెళ్ళకపోతే నా నోటి దగ్గర కూడు పోతుంది!" అని మంగతాయారు నెత్తీ నోరూ కొట్టుకుంది.

"తమరి ఆవేదనను కూడా నమోదు చేస్తాం. వ్యయంలో అదీ ఒక అంశమే" అని ఆయన ఎంతో మర్యాదగా చెప్పారు.

ఇక చూడాలి తిరునాళ్ళ! పొద్దున ఒక తరగతి, మధ్యాహ్నం ఒక తరగతి మంగతాయారు ముందుగదిలోకి దిగేవి. బడి పిల్లల్ని వరసకట్టి తెచ్చారు. పక్క ఊరి కౌన్సిలర్లు లీకు ముందు నిలబడి ఫొటోలు తీయించుకున్నారు. ఆ లీకుకు సొంత ప్లంబరు కాబట్టి గంగరాజును కూడా పిలిపించి గోడ పక్కన స్టూలు వేసి కూర్చోబెట్టారు. మెళ్ళో ఓ అట్టముక్క వేశారు: "వ్యయ విశ్లేషణకు లోనైన ప్లంబరు." వచ్చినవాళ్ళకల్లా అతన్ని ప్రశ్నలడగడమే పని. పొద్దున ఏం తిన్నావు? పెళ్ళానికి ఏం పెట్టావు? సైకిలు తొక్కితే ఆయాసం ఎంత వస్తుంది? 'ప్చ్' అనేముందు లోపల ఏమనిపిస్తుంది?

మొదట్లో గంగరాజు హుషారుగానే చెప్పాడు. స్వతహాగా మాటకారి. నలుగురు చుట్టూ చేరి వింటుంటే ఎవరికి చేదు? కాని అడిగిందే అడిగి, చెప్పిందే చెప్పించి, మోకాలు పట్టుకు చూసి, సంచీ తూకం వేసి వాళ్ళు పీల్చి పిప్పి చేసేసరికి నవ్వు పోయింది. భోజనానికి లేచినప్పుడు కూడా అన్నం ముద్ద చేతిలో పట్టుకుని ఏదో లెక్కేసుకునేవాడు.

చివరికి విశ్లేషణ పూర్తయింది. లోకనాథంగారు ముందుగదిలోనే నిలబడి చదివి వినిపించారు. గోడ బాగుచేయడానికి న్యాయమైన వ్యయం పన్నెండువేల పైచిలుకు.

"ఇన్నాళ్ళూ రెండొందల యాభై చెల్లించి తమరు ఇతన్ని దోచుకున్నారు" అని మంగతాయారుతో అన్నారు. గంగరాజు వైపు తిరిగి, "ఇన్నాళ్ళూ రెండొందల యాభై పుచ్చుకుని నువ్వు పౌరులను తప్పుదోవ పట్టించావు" అన్నారు. ఇద్దరికీ తాఖీదులు అందుతాయని చెప్పి, నవమి మధ్యాహ్నం రాష్ట్రస్థాయి పరిశీలన బృందం ఆదర్శ లీకును చూడటానికి వస్తుందని, గది శుభ్రంగా ఉంచాలని పురమాయించి వెళ్ళారు.

మంగతాయారు చేయగలిగిందంతా చేసింది. రేకుల్ని వంటింటి అటక మీదికి ఎక్కించింది. పొరుగువాళ్ళ బీరువాల్లో పెట్టించింది. కాని ఇల్లంతా తడిగాలే. అష్టమి నాడు పొద్దున్నే లేచి అటక మీది దొంతర ఒకటి దించి, పైరేకు తీయబోతే అది రాలేదు. కింది రేకు, దాని కింది రేకు, అన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దగా లేచాయి. తడిసిన కాగితాల కట్టలా ఉంది. ఆవిడ దాన్ని ఒళ్ళో పెట్టుకుని నేలమీద కూలబడింది. ఏడుపొచ్చింది. ఏడ్చింది. చిట్టెమ్మ వచ్చి భుజమ్మీద చెయ్యి వేసి, "ఇయ్యాల రోజంతా కూచుంటే మళ్ళీ తీసేద్దాం అక్కా. కానీ ఆ గోడ ఆగాలి" అంది.

మంగతాయారు కళ్ళు తుడుచుకుని లేచింది. పెరటి దారిన గంగరాజు ఇంటికి వెళ్ళింది. అతను అరుగు మీద సంచీ ముందు పెట్టుకుని శూన్యంలోకి చూస్తున్నాడు.

"పద" అంది.

"సంచీ లాగేత్తారండి."

"నీ సంచీ పోతే కొత్తది నేను కొనిస్తా. నా ఆర్డరు పోతే నాకెవడు కొనిస్తాడు? పద."

గంగరాజు వెనకే వచ్చాడు. గోడ చూశాడు. 'ప్చ్' అనబోయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఎంతవుతుందిరా?" అంది.

గంగరాజు నోరు తెరిచాడు. మాట రాలేదు. మళ్ళీ తెరిచాడు. "తెలవట్లేదమ్మగారూ" అన్నాడు చిన్నగా. "నాలుగొందలందామంటే మోకాలు గుర్తొత్తంది. మోకాలు కలుపుదామంటే సైకిలు టైరు గుర్తొత్తంది. పన్నెండేలు అడగడానికి నోరు రావట్లేదు, రెండొందల యాబై అంటే నేరమంటన్నారు. ఇరవయ్యేళ్ళ నుంచి గొట్టం చూడగానే రేటు దానంతటదే నోట్లోకి వచ్చేసేదండి. ఇప్పుడు రావట్లేదండి. పట్టుకుపోయారండి దాన్ని."

అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రెంచీ పట్టుకుపోతే మరోటి కొనుక్కోవచ్చు. ఇది ఏ కొట్లో దొరుకుతుంది? మంగతాయారుకు తన రేకుల మాట కూడా ఒక్క క్షణం మరుపొచ్చింది. ఇంత నోరున్న మనిషి ఇలా అయిపోయాడే అని గుండె తరుక్కుపోయింది. కాని గోడ కారుతూనే ఉంది.

"సరే, నీ బదులు నేనే అంటా" అంది ఆవిడ. "నాలుగొందలమ్మా. ఏవిట్రా, నాలుగొందలా? కళ్ళు నెత్తికెక్కాయా? నూటయాభై. అమ్మమ్మా, నాకు గిట్టదండి. గిట్టకపోతే పో. వెళ్ళు, వీధిలోకి వెళ్ళు!"

గంగరాజు అమాయకంగా చూసి, సంచీ భుజాన వేసుకుని, పెరట్లోకి నాలుగడుగులు నడిచాడు.

"రా వెనక్కి!" అంది మంగతాయారు. అతను వచ్చాడు. "రెండొందల యాభై. ఆఖరు మాట. ఏమంటావు?"

గంగరాజు మొహం కాస్త తేటపడింది. "సరేనండి" అన్నాడు.

తరవాత ఆలస్యమేముంది? సుత్తి పడింది, పెచ్చు ఊడింది, చిట్లిన ముక్క బయటికొచ్చింది, కొత్త ముక్క ఎక్కింది. గంగరాజు చేతులు మాత్రం ఏమీ మరిచిపోలేదు. వాల్వు మీది లక్కసీలు జోలికి పోకుండా, గొట్టంలోనే బిరడా కొట్టి నీళ్ళు ఆపుకున్నాడు. గోడ ఒక్క బొట్టు కార్చకుండా నోరు మూసుకుంది. మంగతాయారు వీధిలో ఉన్న కుంపట్లన్నీ అడిగి తెచ్చి గోడ వారన పెట్టింది. రెండో కుండ బోర్లించింది. చిట్టెమ్మ ఒక పొయ్యి, తను ఒక పొయ్యి. ఇరుగూ పొరుగూ ఆడవాళ్ళు వచ్చి మడతకు కూర్చున్నారు. పొద్దుగూకేసరికి ముందుగది నిండా కొత్త రేకులు, ముట్టుకుంటే గలగలమంటున్నాయి. ఆ చప్పుడు వింటుంటే మంగతాయారుకు ఒళ్ళు పులకరించింది.

నవమి మధ్యాహ్నం భద్రంగారి వ్యాను, లోకనాథంగారి జీపు ఒకేసారి వీధి మలుపు తిరిగాయి. వ్యాను ముందు ఆగింది. సంచీ గుమ్మం పక్కన పెట్టి గంగరాజు డబ్బాలు ఎక్కిస్తుండగా లోకనాథంగారు చేతిలో పూలదండతో లోపలికొచ్చారు. దండ లీకుకు వేయడానికి. గోడ ముందు నిలబడి అటు చూశారు, ఇటు చూశారు. అరచెయ్యి ఆనించి చూశారు. వెచ్చగా తగిలింది.

"లీకు ఏది?" అన్నారు.

"పోయింది బాబూ."

"ఎక్కడికి పోయింది? ఎవరి అనుమతితో పోయింది?"

"కార్చి కార్చి అదే విసుగెత్తి ఊరుకుంది కాబోలు" అంది మంగతాయారు, డబ్బాకు తాడు బిగిస్తూ.

ఆయనకు ముచ్చెమటలు పోశాయి. ఎవరి మీదైనా చర్య తీసుకోవాలంటే లీకు లేదని రాయాలి. లీకు లేదని రాస్తే, రాష్ట్రంలో మొట్టమొదటి ఆదర్శ లీకును కాపాడుకోలేకపోయిన అధికారి ఎవరన్న ప్రశ్న వస్తుంది. అవతల పరిశీలన బృందం కాలవ వంతెన దాటిందని ఫోను. దోమల విభాగం ఆయన కళ్ళ ముందు మెదిలింది.

"గంగరాజూ! వెంటనే మళ్ళీ లీకు తెప్పించు. ఈ గోడకే" అన్నారు.

మంగతాయారు లేచి వెళ్ళి గోడకు వీపు ఆనించి నిలబడింది. "ఈ గోడ మీద సుత్తి పడాలంటే ముందు నా నెత్తిన పడాలి. మీకంత ముద్దైతే మీ ఆఫీసు గోడకు పెట్టించుకోండి. బోర్డు కూడా మీరే పట్టుకుపోండి."

చిట్టెమ్మ వచ్చి పక్కన నిలబడింది. మడతకు వచ్చిన ఆడవాళ్ళంతా వరసగా నిలబడ్డారు. లోకనాథంగారు ఓసారి వాళ్ళను, ఓసారి వాచీని చూసుకుని, గంగరాజును చెయ్యి పట్టి గుమ్మం బయటికి లాక్కెళ్ళారు. "పోనీ ఆఫీసు గోడకే పెట్టు. బృందానికి ముందు భోజనం పెట్టిస్తాను, ఆలోపు కారాలి. లీకు బాగుచేయడానికే అవగాహన కావాలి, పెట్టడానికి అక్కర్లేదు. తీర్మానంలో ఆ మాట ఎక్కడా లేదు. చెప్పు, ఎంత?"

మంగతాయారు చెవులు రిక్కించింది. పాపం, వీడికి మళ్ళీ నోరు పెగలదేమోనని కిటికీలోంచి తొంగి చూసింది.

గంగరాజు లోకనాథంగారి నుదుటి మీద చెమట చూశాడు. జీపు చూశాడు. వంతెన వైపు చూశాడు. "ఆరువేలండి" అన్నాడు తడుముకోకుండా.

"ఆరువేలా! మతి ఉందా నీకు? గోడకో చిల్లి పెట్టడానికి ఆరువేలా? వెయ్యి తీసుకో."

"అయ్యబాబోయ్, నాకు గిట్టదండి" అని గంగరాజు సంచీ భుజాన వేసుకుని వీధిలోకి నడిచాడు. ఆ నడకలో హుందాతనం చూసి తీరాలి.

"ఒరేయ్, ఆగు! ఆగవయ్యా! రెండువేలు!" అంటూ అవగాహనాధికారిగారు పూలదండ పట్టుకుని అతని వెంట పరుగెత్తారు.

ఆఖరి డబ్బా ఎక్కింది. వ్యాను కదిలి కాకినాడ రోడ్డు ఎక్కేదాకా మంగతాయారు చూస్తూ నిలబడింది. గుండెల మీంచి కుంపటి దించినట్టయింది. వీధిలో గంగరాజు రెండోసారి వెనక్కి తిరిగాడు, బేరం మూడువేలకు వచ్చినట్టుంది. వీధి వీధంతా గుమ్మాల్లో నిలబడి వింటోంది.

మంగతాయారు పుట్టిన దగ్గర్నుంచి ఎవరితో బేరమాడినా తగ్గించమనే అంది తప్ప మరో మాట ఎరగదు. ఇప్పుడు కిటికీ ఊచలు రెండు చేతులా పట్టుకుని, మునివేళ్ళ మీద లేచి, గొంతెత్తి అరిచింది:

"గంగరాజూ, తగ్గకు!"